పశువు ఒంట్లో భయం మందు

నాకు సంతకం చెయ్యడం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. అంతకు మించి చదువు అంటలేదు. అందుకని నేను చెబుతుంటే పావని రాస్తోంది. పావని పశువుల ఆసుపత్రిలో కొత్తగా చేరిన అమ్మాయి, టెక్కలి పిల్ల. "పెద్దమ్మా, నువ్వు మాటాడినట్టే రాత్తే బయటోలికి అర్థం కాదు. పుస్తకాల్లో ఉన్నట్టు రాత్తాను" అంది. సరే అన్నాను. మనుషులు ఆడిన మాటలు మాత్రం ఆడినట్టే పెట్టమన్నాను. వాటికి కూడా ఇస్త్రీ చేసేస్తే ఇక నేను నోరు నొప్పెట్టేలా చెప్పడమెందుకు?

ఎప్పుడు పర్మనెంటయ్యాను, ఏ ఊరి నుంచి ఏ ఊరికి మార్చారు, ఇవన్నీ ఆఫీసులో ఎక్కడో ఉంటాయి. కావలసినవాళ్ళు వెతుక్కోండి. నేను చెప్పేది ఒకటే సంగతి. పశువు భయపడితే దాని ఒంట్లో ఏం జరుగుతుంది, అది తెలియక మనం ఏం చేస్తాం. వెనక్కి తిరిగి చూసుకుంటే నా ఉద్యోగమంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరిగింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నాలాగా ఇన్నేళ్ళు తీసుకోకుండా ముందే తెలుసుకుంటారని చెబుతున్నాను.

తాడు పట్టుకునే పని

నా భర్త పశువుల ఆసుపత్రిలో అటెండరు. కిడ్నీ జబ్బుతో పోయాడు. ఉద్దానంలో ఆ మాట అంతకంటే విడమరిచి ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఆయన ఉద్యోగం నాకిచ్చారు. చంటిపిల్లని మా అమ్మ దగ్గర వదిలి పలాస బస్సెక్కాను.

అటెండరంటే ఊడవడం, కడగడం, సూదులు మరగబెట్టడం అనుకుంటారు. అవన్నీ చేశాను. అసలు పని తాడు పట్టుకోవడం. డాక్టరు పశువుకి వెనక నిలబడి తన పని చూసుకుంటారు. మనం ముందు నిలబడి దాని ముఖం చూస్తూ ఉంటాం. కంట్లో తెల్లగుడ్డు ఎంత బయటికొచ్చిందో, చెవులు ఎటు తిప్పిందో, ముక్కుపుటాలు ఎలా అదురుతున్నాయో మనకే కనిపిస్తుంది.

ఇవేవీ నేను పుట్టుకతో నేర్చుకొని రాలేదు. చేరిన కొత్తలో ఒక గేదె తల విసిరితే వెళ్ళి గోడకి కొట్టుకున్నాను. చీర చిరిగింది, మోచెయ్యి చీరుకుపోయింది. ఆ గేదె గలాయన నవ్వు ఆపుకోలేక ఆపుకుంటూ అన్నాడు:

"అప్పా, అది నిన్ను సూసి జడిసినాది, నువ్వు దాన్ని సూసి జడిసినావు. ఇద్దర్లో ఎవులో ఒకలు ముందు మానుకోవాల గదా."

"నీ గేదెకి సెప్పు ముందు" అన్నాను.

"దానికి సెప్తే ఇంటాదేటి? నువ్వైతే జీతం తీసుకుంటన్నావు."

నిజమే. జీతం తీసుకునేది నేనే కాబట్టి ముందు నేనే మానుకున్నాను.

అరిచే డాక్టరు గారు

పలాసలో నా మొదటి డాక్టరు గారి పేరు చెప్పను. చెయ్యి బంగారం. కడుపులో అడ్డం తిరిగిన దూడని అంత నేర్పుగా తిప్పి బయటికి తీసినవారిని నేను మళ్ళీ చూడలేదు. నోరే మంచిది కాదు. రైతుని తిట్టేవారు, నన్ను తిట్టేవారు, ఆవుని తిట్టేవారు, ఆవుని కన్న ఆవుని కూడా తిట్టేవారు. ఆయన మోటారుసైకిలు చప్పుడు గేటు దగ్గర వినబడిందంటే, అంతకు ముందు ఒకసారి వచ్చి వెళ్ళిన పశువులు ఆవరణలో నిలబడ్డచోటే పేడ వేసేవి. తోమి కడిగేదాన్ని నేను కాబట్టి నాకు బాగా గుర్తు.

మెడ మీద పుండుతో ఒక ఆవు రోజూ కట్టు మార్పించుకోవడానికి వచ్చేది. ఆ బండి చప్పుడు వినగానే దాని చర్మం అలలు అలలుగా వణికేది. పుండు మానదు. మందు మార్చారు, మానదు. ఇంతలో డాక్టరు గారు కూతురి పెళ్ళని సెలవు పెట్టారు. కాంపౌండరు, నేను, అదే మందుతో, నోరు మూసుకొని కట్టు కట్టాం. ఆయన తిరిగొచ్చేసరికి పుండు అంచులు దగ్గరపడ్డాయి.

"చూశావా, నా మందు!" అన్నారు.

మందు ఆయనదే, కాదనను. ఆయన సెలవు కూడా కొంత పని చేసిందేమో అని కాంపౌండరు నా వైపు చూశాడు. అప్పటికి అది మాకు నవ్వుకోవడానికి పనికొచ్చిన ముచ్చటే. ఎందుకు అలా అయిందో చెప్పేవాళ్ళు లేరు. ఆయన్ని కూడా తప్పు పట్టను. భార్య లేని ఇంటికి, ఆలనా పాలనా లేని తిండికి వెళ్ళే మనిషి. ఆయన ఒంట్లో ఏం పరుగెడుతుండేదో ఇప్పుడు ఊహించగలను.

కిడ్నీ పక్కన చిక్కుడు గింజ

నన్ను కవిటి వైపు ఆసుపత్రికి మార్చాక అక్కడికి ప్రకాష్ బాబు డాక్టరుగా వచ్చారు. గుంటూరు వైపు మనిషి, కుర్రవాడు. నన్ను "నీలమ్మ గారూ" అనేవారు. అటెండరుని గారు అన్న డాక్టరు నాకు ఆయనే మొదలు.

ఒక వేసవిలో గొర్రెల వ్యాపారి ఒకడు ఆటో నిండా గొర్రెల్ని కుక్కుకొని కాశీబుగ్గ సంతకి బయల్దేరాడు. దారిలో రెండు చచ్చిపోయాయి. ఎవరో విషం పెట్టారని ఏడుస్తూ మా దగ్గరికి తెచ్చాడు. బాబు ఒకదాన్ని కోసి చూశారు. విషం లేదు, రోగం లేదు. వ్యాపారిని పంపేశాక నన్ను పిలిచారు.

"నీలమ్మ గారూ, ఇలా రండి. ఇదిగో, ఇది కిడ్నీ."

కిడ్నీ అనే మాట చెవిన పడితే మా వైపు ఆడది అక్కడ నిలబడదు. అయినా వెళ్ళాను.

"దాని పక్కన చిక్కుడు గింజలా ఉంది చూశారా? మనుషుల్లో అయితే ఇది కిడ్నీ నెత్తి మీద టోపీలా కూర్చుంటుంది. జంతువు బెదిరితే మెదడు నుంచి దీనికి కబురొస్తుంది. ఇది రెండు రకాల మందులు నెత్తుట్లోకి వదులుతుంది. మొదటిది అడ్రినలిన్. రెప్పపాటులో వస్తుంది. గుండె దడదడ, ఊపిరి వేగం, నెత్తురంతా కాళ్ళ కండలకి. పరిగెత్తు, లేకపోతే పొడువు అని. రెండోది కార్టిసాల్. నిదానంగా వస్తుంది, తొందరగా పోదు. ఒంట్లో దాచుకున్న బలమంతా బయటికి లాగి ఖర్చు పెట్టిస్తుంది."

"అయితే మంచిదే గదా బాబూ."

"పులి తరిమేటప్పుడు మంచిదే. పులి వెళ్ళిపోతే ఆగిపోవాలి. ఈ గొర్రెలకి పాపం ఆ ఆటోలోంచి పులి దిగనే లేదు. పైన ఎండ, కింద ఇరుకు, గుక్కెడు నీళ్ళు లేవు. గుండె ఎంతసేపు తట్టుకుంటుంది?"

అలా ఆయన చెబుతూ పోయారు. ఆ రెండో మందు రోజుల తరబడి ఆగకుండా కారుతూ ఉంటే గాయం మానదట, రోగం త్వరగా అంటుకుంటుందట, ఎదకొచ్చిన ఆవు చూలు కట్టదట. పలాస ఆవు మెడ మీద పుండు నా కళ్ళ ముందు మెదిలింది. చివరికి ఆయన, "పాలు కూడా చేపదు" అన్నారు.

"పాలేటి బాబూ? పొదుగులో ఉంటాయి గదా?"

"ఉంటాయి. దూడ మూతి తగలగానే మెదడు ఇంకో మందు పంపుతుంది, అది పాలని కిందికి దింపుతుంది. భయం మందు దానికి అడ్డం పడుతుంది. పరిగెత్తాల్సిన తల్లి నిలబడి పాలిస్తే తల్లీ పిల్లా ఇద్దరూ చస్తారు. అందుకని ఆ ఏర్పాటు. చాలా కాలం అలాగే జరిగితే పాలు ఊరడం కూడా మానేస్తాయి."

చీపురు చేతిలో ఉంది. కడగాల్సిన నెత్తురు ఎదురుగా ఉంది. నేను కదల్లేదు.

"ఆడమనిషికీ అలగేనా బాబూ?"

"అంతే అమ్మా. ఏర్పాటు ఒకటే."

నా భర్త మంచం పట్టిన దగ్గర్నుంచి నా పాలు తగ్గుతూ వచ్చాయి. ఆయన పోయేనాటికి పూర్తిగా ఎండిపోయాయి. మా అత్త వీధిలో నిలబడి, నలుగురూ వినేలా అంది: "మొగుణ్ణి మింగీసినాది. గుంటకి గుక్కెడు పాలు కూడా నేకుండా సేసుకున్నాది. దీని ఒళ్ళే అలాటిది." నేను ఎదురు చెప్పలేదు. ఎందుకంటే నేనూ అదే నమ్మాను. నా ఒళ్ళే అలాంటిదని నమ్మి, ఆ నమ్మకంతోనే రోజూ ఆసుపత్రికొచ్చి వెళ్ళాను. పిల్ల పెద్దదై పెళ్ళయి వెళ్ళిపోయింది కూడా.

ఆ రోజు ఆ కుర్రవాడు, చచ్చిన గొర్రె పక్కన గొంతుక్కూర్చొని, తనకి తెలియకుండానే నా నెత్తి మీది బరువు దింపేశారు. బావి దగ్గరికెళ్ళి ముఖం కడుక్కొని వచ్చి నేల కడిగాను. ఏమైందని ఆయన అడగలేదు. అందుకు కూడా ఆయనకి దండం పెట్టుకుంటాను.

అప్పటి నుంచి మా ఆసుపత్రిలో ఒక పద్ధతి పెట్టారు. ఎదకొచ్చిన ఆవుని ఎండలో తరుముకుంటూ తెస్తే వెంటనే చూలు కట్టే సూది వేసేవారు కాదు. ముందు జీడిమామిడి నీడలో కట్టి, నీళ్ళు పెట్టి, అది నెమరు వేసేదాకా ఆగేవారు. రైతులు గొణిగేవారు.

"ఏటి బాబూ, పెళ్ళికొచ్చినట్టు కూకోబెడతన్నారు?"

"పెళ్ళే కదా మావా" అనేవారు. మావా అనడం మా దగ్గరే నేర్చుకున్నారు.

మూడో నెల

మా వైపు కొన్ని ఇళ్ళలో ఒక పట్టింపు ఉంది. చూడి ఆవుకి ఎన్నో నెల అని అడిగితే నిజం చెప్పరు. బాగా తగ్గించి చెబుతారు. నెలలు నిండుతున్నాయని బయటికి పొక్కితే దిష్టి తగిలి దూడ నిలవదని భయం. ఎదుటివాడు డాక్టరైనా సరే.

చిన్నమ్మడు అలాంటి ఇంటి కోడలు. ఆమె భర్త తిరుపతి కొబ్బరికాయలు దింపే పని చేసేవాడు. కిడ్నీలు చెడిపోయాక చెట్టు మాట అటుంచి గుమ్మం ఎక్కడమే కష్టమైంది. డయాలసిస్ కోసం ఆటోలో వెళ్ళడం, వచ్చి పడుకోవడం. ఆ ఇంటికి ఉన్నది ఒక్క ఎర్రావు. అంతకు ముందు ఈతలో దూడ చచ్చి పుట్టి, పాలు సరిగ్గా పడలేదు. ఈసారి దూడ బతికి ఆవు పాలిస్తే ఇల్లు నడుస్తుంది. లేకపోతే ఆవుని సంతకి తోలేసి, ఆ పైన ఏం చెయ్యాలో వాళ్ళకే తెలియదు. అందుకే తిరుపతి తల్లి గున్నమ్మ ఆ ఆవు చూడి అన్న సంగతే పెదవి దాటనిచ్చేది కాదు.

ఒక సాయంత్రం ఆవు కాలు మడతపడి, వాచిపోయి, లేవలేకపోయింది. బాబు ఒక్కరే వెళ్ళారు. నేను ఆసుపత్రిలో ఉండిపోయాను. తర్వాత చిన్నమ్మడు చెప్పింది, అక్కడ జరిగింది ఇది.

"చూడిదా?" అని బాబు అడిగారు.

"మూడో నెలో ఏటో బాబూ" అంది గున్నమ్మ.

"పొట్ట పెద్దగా ఉందే?"

"పడుకొని పడుకొని ఉబ్బినాది బాబూ. లేత్తే తగ్గిపోద్ది."

ఆవు చీకటి కొట్టంలో ఒక పక్కకి ఒరిగి ఉంది. బయట ఇంకో రైతు బండి పట్టుకొని తొందర పెడుతున్నాడు. బాబు వాపు తగ్గడానికి సూది వేసి వచ్చేశారు.

మర్నాడు ఆవు లేచి నిలబడిందని విని సంతోషించాం. ఆ పై రోజు పొద్దున్నే చిన్నమ్మడు జుట్టు విరబోసుకొని ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చింది.

"అప్పా, ఆవు నొప్పులు పడతంది!"

బాబు లోపల్నుంచి వచ్చారు. "నొప్పులా? మూడో నెల అన్నారు కదా?"

చిన్నమ్మడు చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"సెప్పవే" అన్నాను.

"తొమ్మిదో నెల నడుత్తంది బాబూ. అత్త సెప్పొద్దన్నాది."

బాబు మెట్టు మీద కూర్చుండిపోయారు. ఆయన రంగు మారడం చూసి నాకు భయమేసింది. "నా సూదే నీలమ్మ గారూ" అన్నారు. దారిలో ఆటోలో నాకు చెప్పారు. కడుపులో దూడకి నెలలు నిండాక, దాని కిడ్నీల పక్కనున్న ఆ చిక్కుడు గింజలే కార్టిసాల్ వదులుతాయట. నేను వస్తున్నాను అని తల్లికి కబురు పెట్టేది దూడేనట. ఆయన వాపుకి వేసిన మందు ఆ కార్టిసాల్ జాతిదే. దూడ పంపాల్సిన కబురు సూదిలోంచి వెళ్ళింది. తల్లి నమ్మేసింది.

"లోపల చెయ్యి పెట్టి చూడాల్సింది. పడుకున్న ఆవు, చీకటి, తొందర... చూడాల్సింది" అని అదే మాట అంటూ వచ్చారు.

కొట్టం

వెళ్ళేసరికి వీధి వీధంతా కొట్టం ముందే ఉంది. లోపల మూకుట్లో ఎండుమిరపకాయలు కాలుతున్నాయి. దగ్గుతో ఊపిరాడడం లేదు. ఆవు కళ్ళు తెల్లగా తిరిగిపోయి ఉన్నాయి. గున్నమ్మ కోడల్ని చూడగానే అందుకుంది.

"నీ పాదమే మంచిది కాదే! డాక్టర్ని తేవడానికి ఎల్తావు, ఊరందరికీ సెప్పుకుంటూ ఎల్తావు!"

దూడ పుట్టింది. పెయ్య. కుందేలంత కాకపోయినా చూస్తే అలాగే అనిపించింది. వెంట్రుక సరిగ్గా రాలేదు. బాబు గడ్డితో ఒళ్ళంతా రుద్దారు, ముక్కులో గడ్డిపోచ తిప్పారు. తుమ్మింది. ఊపిరి తీసింది. ఆయన నా వైపు చూసి, "బయటికి తోసిన మందే దీని ఊపిరితిత్తుల్ని కొంచెం తొందరగా పండించింది. ఆ మాత్రం మేలు చేసింది" అన్నారు.

ఇక జున్నుపాలు పట్టాలి. నెల తక్కువ పిల్లకి అవి కొన్ని గంటల్లో కడుపులో పడకపోతే నిలవదు. చిన్నమ్మడు పొదుగు కడిగి కూర్చుంది. చుక్క రాలేదు. పొదుగు గట్టిగా ఉంది. ఆవు పాలు దింపకుండా ఎగచేపేసింది. వెనక్కాలు విసురుతోంది.

"దీనికి ఎవులో సేసినారు" అని వెనక నుంచి ఒకరు. "ఇంకో మూకుడు ఎట్టండి" అని ఇంకొకరు.

"పాలు దింపే సూది ఉంది గదా బాబూ" అన్నాను.

"ఉంది. అవసరమైతే వేస్తాను. ఒక సూదితోనే ఇక్కడిదాకా తెచ్చాను నీలమ్మ గారూ. ఇంకోటి వేసేముందు దీన్ని కాసేపు నిమ్మళంగా ఉండనిద్దాం." అని ఆయన బయటికి నడిచారు. "నన్ను చూస్తే దానికి సూదే గుర్తొస్తుంది" అంటూ వెళ్ళి కొబ్బరి డొక్కల గుట్ట మీద కూర్చున్నారు.

జనాన్ని నేను తోలేశాను. నా నోటికి భయపడి వెళ్ళారు. గున్నమ్మ ఒక్కతే కదల్లేదు. మూకుడు పట్టుకొని, కోడల్ని తిడుతూ నిలబడింది. ఆమె ప్రతి మాటకీ ఆవు చెవి ఇటు తిరుగుతోంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"గున్నప్పా, నా గుంటకి నాను పాలియ్యనేకపోయాను. తెలుసా నీకు?"

"ఇప్పుడా మాటెందుకే?"

"ఆయన మంచం ఎక్కినాడు, మా అత్త రోజూ ఇలగే నెత్తి మీద నిలబడి తిట్టీది. నా పాలు ఎండిపోయాయి. నా ఒళ్ళే పాడుదనుకున్నాను. కాదట. జడుపుకి పాలు దిగవట, ఆడదానికైనా ఆవుకైనా. నువ్వు తిట్టేది కోడల్నే. ఇంటన్నది ఆవు."

గున్నమ్మ నన్ను చూసింది. ఆవుని చూసింది. కోడలి వీపు చూసింది. ఆ వీపు వణుకుతోంది. మూకుడు ఎత్తుకెళ్ళి ఇసకలో బోర్లించింది. తర్వాత సందు మొగలో నిలబడి అరవడం మొదలెట్టింది:

"ఒక్కలు కూడా ఇటు రాకండి! ఆవుకి జడుపట! ఎల్లండి!"

"అప్పా, నువ్వే అరుత్తన్నావు" అని ఎవరో అన్నారు.

"నానరిత్తే అరిత్తాను, మీరు ఎల్లండి!" అని, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కొట్టం నిమ్మళించింది. పొగ పోయి సముద్రం గాలి లోపలికొచ్చింది. పెయ్యని ఎత్తి తల్లి ముక్కు దగ్గర పెట్టాను. చాలాసేపు అది అలాగే చూసింది. తర్వాత నాలుక చాపి నాకడం మొదలెట్టింది. నేను తాడు వదులు చేశాను. చిన్నమ్మడు పొదుగు మీద చెయ్యి వేసి ఊరికే ఉంచింది, పిండలేదు. "నా తల్లి, నా తల్లి" అంటోంది, ఆవునో, ఎవరినో. ఆవు గట్టిగా ఊపిరి వదిలింది. చెవులు కిందికి జారాయి. నెమరు మొదలైంది. అప్పుడు చిన్నమ్మడు మెల్లగా లాగింది.

పసుపుపచ్చగా, చిక్కగా, గిన్నె అడుగున చప్పుడు చేస్తూ పడ్డాయి.

ఆ చప్పుడు విని బాబు బయటే రెండు చేతుల్లో ముఖం దాచుకున్నారు.

మధ్యాహ్నానికి తిరుపతి డయాలసిస్ నుంచి ఆటోలో వచ్చాడు. అతను దిగీ దిగకముందే బాబు ఎదురెళ్ళారు. "తప్పు నాది. నెలలు నేనే చూసుకోవాలి. చూడకుండా సూది వేశాను" అన్నారు. ఏ డాక్టరూ ఒక రైతుకి ఆ మాట చెప్పగా నేను అంతకు ముందు వినలేదు.

గున్నమ్మ గబగబా వచ్చింది. "నీదేటి బాబూ! అబద్దమాడింది నాను."

"మీరు ఏం చెప్పినా నేను చూడాలి కదమ్మా."

"నాను సరిగ్గా సెప్తే నువ్వెందుకు ఏత్తావు?"

తిరుపతి గోడ పట్టుకొని నిలబడ్డాడు. "మీ ఇద్దరూ తగువాడుకోండి. నాను నిలబడనేను, కూకుంటాను. ముందు పెయ్య తాగినాదా?"

"తాగినాది" అంది చిన్నమ్మడు.

"అయితే మరేటి" అని గుమ్మంలో కూర్చున్నాడు.

తర్వాత అంతా సుఖంగా జరగలేదు. మాయ పడలేదు. ఆవుకి జ్వరమొచ్చింది. పెయ్యకి విరేచనాలు పట్టాయి. బాబు పొద్దునా సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళారు. సొంత బండి, సొంత పెట్రోలు. నేను వెళ్ళినప్పుడల్లా గున్నమ్మ కొట్టం వాకిట్లో కాపలా కూర్చొని ఉండేది. లోపలికెళ్ళేవాళ్ళని "మెల్లగా" అని గదమాయించేది. ఆవు కోలుకుంది. పెయ్య నిలిచింది. ఆ ఇల్లు నడిచింది.

కొత్త పిల్లలకి నేను చెప్పేది: ఆడది చెప్పిన నెలల్ని నమ్మి సూది పట్టుకోకండి. అబద్ధమాడిందని తిట్టనూ తిట్టకండి. భయం వల్ల ఆడింది, మీరు అరిస్తే ఇంకోటి ఆడుతుంది. "ఆవుని కట్టించడానికి ఎప్పుడు తోలుకెళ్ళారమ్మా, అప్పటికి జీడిమామిడి పూత మీదుందా, జీడిపిక్క రాలుతోందా?" అని అడగండి. పూతకీ పిక్కకీ ఎవరూ దిష్టి పెట్టరు, నిజం చెబుతారు. అక్కడి నుంచి నెలలు మీరే లెక్కేసుకోండి. ఆ పైన చెయ్యి పెట్టి చూడండి.

చెవి

ఆ మరుసటి ఏడు గున్నమ్మ ఆసుపత్రికొచ్చింది. ఆవరణ నిండా జనం. చుట్టూ చూసి, నా మెడ వంచి, చెవిలో నోరు పెట్టింది.

"ఎనిమిదో నెల ఎల్లిపోయినాది. డాక్టరికి సెప్పు. ఇంకెవులికీ సెప్పకు."

లోపల్నుంచి బాబు కేక వేశారు. "ఎన్నో నెల గున్నమ్మ గారూ?"

"మూడో నెల బాబూ!" అని ఊరంతా వినేలా చెప్పింది.

ఆమె వెనక నిలబడి నేను వేళ్ళు చూపించాను. బాబు తల ఊపారు. నవ్వలేదు.

ఆమెని చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు. ఊరూరి నుంచి ఆడవాళ్ళు వచ్చి పైకి ఒక నెల, నా చెవిలో ఒక నెల చెప్పడం మొదలెట్టారు. బాబు బదిలీ అయి వెళ్ళేముందు కొత్త డాక్టరుకి నన్ను చూపించి, "ఈవిడ ఏం చెబితే అది రాసుకోండి, వాళ్ళు ఏం చెబుతారో ఊరికే వినండి" అని చెప్పి వెళ్ళారు. నాకు ఏ సన్మానంలో కప్పిన శాలువా అయినా ఆ మాట తర్వాతే. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

పదవీ విరమణ అయ్యాక ఒక రోజు పావనిని చూద్దామని ఆసుపత్రికి వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను. గున్నమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది, చూపు సరిగ్గా ఆనదు ఇప్పుడు. అలవాటుగా నా వైపే వచ్చింది.

"నాను దిగిపోయాను గున్నప్పా. ఆ గుంటకి సెప్పు" అన్నాను.

"ఆ గుంటకా? మాట దాసుద్దా?"

"సెప్పి సూడు."

గున్నమ్మ పావని దగ్గరికెళ్ళి ముఖంలో ముఖం పెట్టి చూసింది. తర్వాత దాని భుజం పట్టుకొని వంచి, చెవిలో ఏదో చెప్పింది. నేను పావని ముఖమే చూస్తున్నాను. నవ్వలేదు. "అలగేనా?" అని పైకి అనలేదు. తల ఊపి, గొంతు పెంచకుండా లోపలికి వెళ్ళి డాక్టరుకి చెప్పింది.

నేను లేచి, చీర దులుపుకొని, ఇంటికని కవిటి ఆటో ఎక్కాను.